కరతలమున దేవుడుండగా



నిజమైన భక్తునకు భయమే కలుగదని కొందరందురు. ఆ మాట సరికాదు. ఆకలి నిద్రల వలె భయమును దేహధర్మమే. భయము కలిగిన వేళ మనము దాని మాట విందుమా, దైవాజ్ఞను విందుమా అనునదే భక్తికి పరీక్ష.

ఇందులకు బసవేశ్వరుని చరితమే దృష్టాంతము. ఉపనయనమును నిరాకరించి, పుట్టినింటిని విడిచి, కృష్ణా మలప్రభలు కలియు కూడల సంగమమును చేరిన ఆయనకు ఆ క్షేత్రమే తల్లి యొడి యయ్యెను. అట్టి చోటును విడిచి, బిజ్జలుడున్న మంగళవాడకు పొమ్మని సంగమనాథుడు స్వప్నమున నాజ్ఞాపించెనని హరిహర మహాకవి తన 'బసవరాజదేవర రగళె'లో వర్ణించినాడు. ఆ యాజ్ఞకు బసవన్న సంతసింపలేదు. స్వామిని విడిచి పోజాలక దుఃఖించెను. స్వామి ఆ దుఃఖమునకు కోపింపలేదు; ఆజ్ఞను మార్చనూ లేదు. తానును వెంట వత్తునని యభయమిచ్చెను. పిమ్మట నందీశ్వరుని నోట వెలువడిన లింగము బసవన్న కరతలమును చేరెను. దానిని ధరించి ఆయన బయలుదేరెను. భయము తీరిన పిదప కదలుట కాదు, తోడును నమ్మి కదలుటయే విశ్వాసము.

ఆ విశ్వాసమునకు కల్యాణ నగరమున గొప్ప పరీక్ష వచ్చెను. చెప్పులు కుట్టు కాయకము గల హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ వంశజుడగు మధువరసుని కుమార్తెకు వివాహము జరిగెను. రాజాగ్రహము వారెరుగనిది కాదు. అయినను లింగధారులలో కులభేదము లేదను గురువాక్యమును దాటలేదు. రాజు వారిరువురిని క్రూరముగా చంపించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఇది 1167 ప్రాంతపు గాథ.

ఇట్టి గాథలను పిల్లలకు కన్నులు చెమర్చునట్లు బోధించిన వాడను నేను. కొన్ని సంవత్సరముల క్రిందట, చెప్పులు కుట్టు ఇంట పుట్టిన నా పూర్వ విద్యార్థి యొకడు వచ్చి, "అయ్యవారూ, నాకు లింగదీక్ష ఇప్పించండి" అని అడిగినాడు. అప్పుడు మా అమ్మాయి సంబంధము కుదురుచున్నది. బంధువులేమందురోయని జంకి, "శివరాత్రి వెళ్ళనీ, చూతము" అంటిని. అతడు నమస్కరించి వెళ్ళినాడు, మరల రాలేదు. మరుసటి యేడు ధైర్యము తెచ్చుకొని వారింటికి పోగా, పనికై దూరదేశము పోయినాడని తల్లి చెప్పినది. ఆమె చాప పరచి మంచినీళ్ళిచ్చినది. ఆ నీళ్ళు నా గొంతు దిగుట కష్టమయ్యెను. నన్ను శిక్షించు రాజెవడును లేడు. నలుగురి మాటకే నేను లొంగితిని.

కావున సోదరులారా, ప్రాతఃకాలమున ఇష్టలింగమును అరచేత నుంచుకొనినపుడు ఈ ప్రశ్న వేసికొనుడు: ఏ ధర్మకార్యమును నేను భయముచే రేపటికి నెట్టుచున్నాను? చేయి వణకిన వణకనిండు. ఆ వణకు చేతిలోనే స్వామి కొలువై యున్నాడు. ఆయనతో కూడ లేచి నడువుడు.