పడుగు, పేక, పరమాణువు

సిరిసిల్ల వీధులలో సాంచాల చప్పుడు చెవికి సోకినప్పుడెల్ల నాకు తర్కసంగ్రహము జ్ఞప్తికి వచ్చును. దానిని రచించిన అన్నంభట్టు తెలుగువాడు. పటమునకు తంతువులు సమవాయికారణమనియు, తంతుసంయోగము అసమవాయికారణమనియు, తురీవేమాదులు నిమిత్తకారణమనియు ఆయన చెప్పెను. నేసిన వస్త్రము దారములకంటె వేరైన ద్రవ్యమని నైయాయికుల పట్టుదల. దారముల కూర్పే వస్త్రమని వేదాంతులు. వేరయినచో తూకము రెట్టింపు కావలదా యని పూర్వులే ఆక్షేపించిరి.

కోరుట్లలోనో జగిత్యాలలోనో చీర బేరమాడు ఇల్లాలికి ఈ వాదముతో పనిలేదు. భౌతికశాస్త్రమునకు మాత్రము ఇది మూలప్రశ్న: అవయవములనెరిగినచో అవయవిని ఎరిగినట్లేనా?

కణాదుడే నేటి పరమాణువును కనుగొనెనని వేదికలపై చెప్పినచో చప్పట్లు మ్రోగును. నేనును చాలకాలము అట్లే చెప్పితిని. అది తప్పు. గవాక్షమున సూర్యకిరణములో దోచు రజము త్ర్యణుకమనియు, దానియందు పరమాణువులు ఆరనియు మన గ్రంథముల లెక్క. నేటి లెక్కలో ఆ ధూళికణమునందలి పరమాణువులు లక్షల కోట్లు. 1897లో ఎలక్ట్రాను బయల్పడిన తరువాత అవి అవిభాజ్యములును గావు. ఋషిని గౌరవించుటకు లెక్క మార్చి చెప్పనక్కరలేదు. ఆయన ప్రశ్న నేటికిని తీరలేదు.

తూకము మాటయే చూడుడు. ప్రోటానునందలి మూడు క్వార్కుల స్వంత ద్రవ్యరాశులను కూడినను మొత్తములో సుమారు నూటికొక వంతు. తక్కినది వాని చలనము, వానిని బంధించు క్షేత్రము, వీని శక్తియే. పలము దారముతో నూరు పలముల చీర నేసినట్లున్నది! సంయోగమును గుణమాత్రమని ప్రక్కకు నెట్టిన మా తార్కికులు ఇచ్చట కొంత ఆగవలసియున్నది.

ఇంతకంటె చిక్కైనది వేరొకటి. ఒకే ప్రక్రియలో పుట్టిన రెండు కాంతికణములను దూరముగా కొనిపోయినను, జంట యొక్క స్థితి పూర్తిగా నిశ్చితమై యుండవచ్చును. విడివిడిగా దేనికిని నిశ్చితస్థితి లేదు. లోపల ముందే యున్నదానిని మనమెరుగమేమో యని శంక. దానిని పరీక్షించు మార్గమును 1964లో జాన్ బెల్ చూపెను. దూరమునుండి తత్‌క్షణ ప్రభావము చేరదని యొప్పుకొన్నచో ఆ శంక నిలువదని ప్రయోగములు తేల్చినవి. ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమానము వచ్చినది ఈ ప్రయోగములకే.

తంతువులు ముందు, పటము తరువాత యను క్రమము ఇచట కుదురదు. అట్లని అద్వైతము ఋజువైనదని సంబరపడుటయు తగదు. ప్రయోగశాలలో కొలిచినది దృశ్యము. ద్రష్టను ఎవరును కొలువలేదు.

విష్ణుసహస్రనామములందు స్వామికి సుతంతువని పేరు. విస్తరించిన ఈ జగత్తనెడి దారము ఎవ్వనిదో ఆతడని భాష్యము. గోదావరి యొడ్డున ధర్మపురి నరసింహుని యెదుట పారాయణములో ఆ నామము వచ్చినప్పుడు, దారము ఆయనదో, ఆయనయే దారమో యని నా నాలుక ఒక్క క్షణము ఆగును.