చెట్టు పేరులో ఏముంది?



మన నల్లమాడ పక్క రావి చెట్టును రాగిమాను అంటాం. ఆ మాను చుట్టూ కడితే రచ్చకట్ట. దానిమీద ఊరి పెద్దలు కూర్చునేవాళ్లు, మన తాతలు కింద నిలబడేవాళ్లు. బుద్ధగయలో గౌతముడు కూర్చున్నది కూడా రాగిమాను కిందే. మరి అది బోధి ఎట్లయింది?

పాళీలో ఈ చెట్టు పేరు అస్సత్థ. బోధి అంటే మేల్కోవడం. అది జాతి పేరు కాదు. గౌతముడికి ముందటి కస్సప బుద్ధుడి బోధి వృక్షం మర్రి అని బౌద్ధ సంప్రదాయం చెప్తుంది.

చైనావాళ్లు బోధి మాటను శబ్దం పట్టి రెండు అక్షరాల్లో 'పూతి' అని రాసుకున్నారు. వాళ్ల రాతలో చెట్ల పేర్లకు మామూలుగా మాను గుర్తు ఉంటుంది. ఈ రెండక్షరాల్లో ఒకదానికి గడ్డి గుర్తు, ఇంకోదానికి చెయ్యి గుర్తు ఉన్నాయి గానీ మాను గుర్తు లేదు. చెట్టని చెప్పాలంటే 'షు' అనే మూడో అక్షరం చేర్చాలి. జపాన్ గుడుల్లో అయితే వేరే జాతి చెట్టునే బోధి వృక్షం అని పిలుస్తారు. చెట్టు మారినా పేరు నిలిచింది. ఎందుకంటే ఆ పేరు చెట్టుది కాదు, దాని కింద జరిగిన పనిది.

ఇప్పుడు మన కదిరి వైపు చూద్దాం. గూటిబయలులో సుమారు 5 ఎకరాలు కమ్మిన తిమ్మమ్మ మర్రిమాను ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 1434లో భర్త చితిలో కాలిపోయిన తిమ్మమ్మ పేరే దానిదని చెప్తారు. పిల్లల్లేనివాళ్లు పోయి మొక్కుతారు.

ఇంకో ఆడమనిషిని తలుచుకోండి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్త బోధి కొమ్మను సముద్రం దాటించి సింహళానికి తీసుకుపోయింది. అక్కడ ఆడవాళ్లకు భిక్షుణీ సంఘం పెట్టింది. ఆ చెట్టు అనురాధపురంలో ఇప్పటికీ బతికే ఉంది.

ఒక మాను కింద స్త్రీ చావును మొక్కుతున్నాం. ఇంకో మానును ఒక స్త్రీ బతికించింది. మన ఆడబిడ్డలకు ఏ కథ చెప్పాలి? తిమ్మమ్మను తక్కువ చేయనక్కరలేదు, ఆమె మీద జాలి పడదాం. కానీ మంటను పుణ్యం అనకూడదు. సతిని కీర్తించడం నేరమని 1987 చట్టం కూడా చెప్పింది.

మరి మన విహారంలో నాటిన రాగిమానుకు దారాలు చుట్టాలా? 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్లం, చెట్టును వరాలు అడగం. నీళ్లు పోద్దాం, గౌరవిద్దాం. దాని కట్ట మీద ఆడా మగా, ఏ కులమైనా పక్కపక్కన కూర్చుని చదువుకుందాం, ప్రశ్నలడుగుదాం. ఆ పొద్దు మన ఊరి రాగిమాను కూడా బోధి అవుతుంది.

భవతు సబ్బ మంగళం.