చేపల మార్కెట్ పట్టభద్రుడు

ఎవరు ఏ యూనివర్సిటీలో చదివారో న్యూయార్క్ శాసనసభ్యులు గొప్పలు చెప్పుకుంటుంటే, అల్ స్మిత్ తనది ‘ఎఫ్.ఎఫ్.ఎం.’ అన్నాడని ప్రతీతి. అంటే ఫుల్టన్ ఫిష్ మార్కెట్! తండ్రి పోయాక పద్నాలుగేళ్లకే బడి మానేసి, తర్వాత చేపల మార్కెట్లో పనిచేసినవాడు మరి.

1904లో అతన్ని న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీకి, శాసనసభకు పంపింది ట్యామనీ హాల్, డెమోక్రటిక్ పార్టీలో అవినీతికి పేరుమోసిన రాజకీయ ముఠా. వెళ్లాక బ్యాంకుల కమిటీలో, అడవుల కమిటీలో వేశారు. ఉద్యోగరీత్యా జ్యూరీ నోటీసులివ్వడానికి తప్ప బ్యాంకు గడప తొక్కింది లేదు, అడవి మొహం చూసింది లేదు. రాత్రిళ్లు గదిలో కూర్చుని బిల్లులన్నీ చదివాడు. అర్థం కాకపోయినా చదివాడు.

1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది వలస కుటుంబాల ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి తాళం. ఫైరింజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు దాటలేదు.

ఆ తర్వాత ఫ్యాక్టరీలపై వేసిన విచారణ కమిషన్‌కి రాష్ట్ర సెనేటర్ రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, స్మిత్ ఉపాధ్యక్షుడు. కమిషన్ తరఫున ఫ్యాక్టరీలు పరిశీలించిన ఫ్రాన్సెస్ పర్కిన్స్ వాళ్లను ఊరికే కూర్చోనివ్వలేదు. ఒకచోట ‘మంటలొస్తే దారి’ అని చెప్పిన చిన్న కంతలోంచి వాగ్నర్‌ని పాకించింది. అవతల మంచు పేరుకున్న ఇనుప నిచ్చెన. ఇంకోచోట రాత్రంతా పనిచేసి తెల్లారి బయటికొస్తున్న ఆడవాళ్లను స్మిత్‌కి చూపించింది. ఈ సంగతులు సంస్కర్తలు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. కానీ సభలో ఓట్లు కూడగట్టగలిగినవాడి కంట అవి పడింది ఇప్పుడే.

ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి. వారానికొక సెలవు నుంచి తమను మినహాయించమని పళ్లు, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల వాళ్లు అడిగితే, విశ్రాంతి దినం గురించిన దైవాజ్ఞలో డబ్బాల ఫ్యాక్టరీలకు మినహాయింపు తనకెక్కడా కనబడలేదని స్మిత్ ఎత్తిపొడిచాడు.

ట్యామనీకి కార్మికుల ఓట్లు కావాలి, నిజమే. కావాలనుకోవడంలో తప్పేముంది? ఓటు కోసమైనా తలుపు తాళం తీయించినవాడు, తీయించాలని వ్యాసాలు రాసి ఊరుకున్నవాడికంటే మేలే కదా.

స్మిత్ 1913లో స్పీకరయ్యాడు, ఆపైన నాలుగుసార్లు గవర్నర్‌గా గెలిచాడు, 1928లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడాడు. పర్కిన్స్ 1933లో అమెరికా కార్మికశాఖ మంత్రి అయింది. కార్మిక సంఘాలకు హక్కులిచ్చిన 1935 చట్టం వాగ్నర్ పేరుతోనే ఉంది. స్మిత్ మాత్రం తన పార్టీవాడే అయిన అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో చెడి, 1936 ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థికి మద్దతిచ్చాడు.