ఓర్చుకోవాల్సిందేనా?

మొదలవడానికి మనకి ఎన్ని మాటలున్నాయో! పెద్దమనిషయింది, సమర్తాడింది, పుష్పవతి అయింది... చాప మీద కూర్చోబెట్టడం, చిమ్మిలి ఉండలు, పేరంటం, పాటలు. ఆగిపోవడానికి మాత్రం 'ముట్లుడిగాయి' అన్న మాటే, అదీ గొంతు తగ్గించి. ఓపిక ఉడిగింది, వయసుడిగింది అన్నప్పుడు వాడే క్రియే ఇది. అంటే ఆ మాటలోనే ఒక తీర్పు ఉంది. ఇక ఆ తర్వాత ఆ శరీరం గురించి మాట్లాడాల్సిన పని ఎవరికీ లేదు. చెప్పుకోవడానికి మాటే లేనప్పుడు బాధ ఉందని ఎవరు నమ్ముతారు?

నాకు ముప్పయ్యేడో ఏట ముట్లు ఆగిపోయాయి. నలభై నిండకుండానే ఇలా జరగడం నూటికి కనీసం ఒకరికి ఉంటుందని తర్వాత తెలిసింది. క్లాసులో పాఠం చెబుతుండగా ఛాతీలోంచి సెగ ఎగదన్నేది, మెడా మొహమూ చెమటతో తడిసిపోయేవి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా నిద్ర ఉండేది కాదు. కీళ్ళ నొప్పులు. యోని పొడిబారి మంట. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది మాటలు దొరక్కపోవడం. మాటల మీదే బతికేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చిన మాట జారిపోతుంటే నేను నేనేనా అనిపించేది.

మొదట కలిసిన డాక్టరు "ఇది సహజమేనమ్మా, యోగా చెయ్యండి, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. రెండో డాక్టరు ఒక్క వివరమూ చెప్పకుండా మాత్రలు రాసిచ్చారు. ఇవేమిటని అడిగితే "వాడండి, తగ్గుతుంది" అన్నారు. కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు రక్తపరీక్ష చేయించి, "మీకు అన్నిటికంటే ఇబ్బంది పెడుతున్నదేమిటి?" అని అడిగిన డాక్టరు దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఒక స్త్రీ దేన్ని ఓర్చుకోవాలో, దేన్ని ఓర్చుకోనక్కర్లేదో నిర్ణయించేదెవరు?

'సహజం' అన్న మాటనే తీసుకుందాం. నలభై దాటితే చత్వారం రావడమూ సహజమే. అక్షరాలు కనపడని మగవాడికి "ఇది ప్రకృతి ధర్మం, చదవడం మానెయ్యి" అని ఎవరూ చెప్పరు. కళ్ళద్దాలు పెట్టుకోమంటారు. శుక్లాలకి ఆపరేషన్ చేయించుకున్న ముసలాయన్ని ప్రకృతికి ఎదురెళ్ళాడని ఎవరూ నిందించరు. ఏది సహజమో చెప్పడం వేరు, దాన్ని భరించాలని చెప్పడం వేరు. మొదటిదానిలోంచి రెండోది దానంతటది పుట్టదు. స్త్రీ శరీరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ రెండూ ఒకటైపోతాయి. ముట్టు నొప్పి సహజం, కాన్పు నొప్పి సహజం, ముట్లాగిన తర్వాతి సెగలూ సహజమే. కాబట్టి నోరు మూసుకో!

అయితే దీనికి రెండోవైపు కూడా ఉంది, దాన్ని దాటవేసి మాట్లాడటం నిజాయితీ కాదు. 1966లో అమెరికాలో రాబర్ట్ విల్సన్ అనే గైనకాలజిస్టు 'ఫెమినిన్ ఫరెవర్' అని పుస్తకం రాశాడు. మెనోపాజ్ ఒక లోపం, ఒక రోగం. ఈస్ట్రోజన్ వేసుకుంటే ఆడది ఎప్పటికీ ఆడదిగానే ఉంటుందని దాని సారాంశం. అంటే వేసుకోకపోతే ఆడది కాకుండా పోతుందన్నమాట. ఆయనకి హార్మోన్ మందులమ్మే కంపెనీల నుంచి డబ్బు అందిందని తర్వాత బయటపడింది. 1975లో, గర్భసంచి ఉన్న స్త్రీలకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే గర్భసంచి లోపలి పొరకి కాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. అప్పట్నించి వాళ్ళకి ప్రొజెస్టరాన్ తరహా మందు కూడా కలిపి ఇస్తున్నారు.

ఆ తర్వాత 2002. 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అనే పెద్ద అధ్యయనంలో రెండు హార్మోన్లూ కలిపి ఇస్తున్న భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము కాన్సర్ పెరుగుతోందన్న వార్త ప్రపంచమంతా పాకింది, లక్షలమంది మందు మానేశారు. ఎంత పెరిగింది? ఏడాదికి పదివేలమందిలో మందు వేసుకోనివాళ్ళలో 30 మందికి వస్తే, వేసుకున్నవాళ్ళలో 38 మందికి వచ్చింది. ఆ ఎనిమిదిమందీ లెక్కలోకి రానివాళ్ళు కాదు. కానీ ఆ అధ్యయనంలో చేరిన 16,608 మంది స్త్రీల సగటు వయసు 63 ఏళ్ళు. సెగలతో నిద్రలేక అల్లాడే నలభై ఎనిమిదేళ్ళ మనిషికి ఆ ఫలితాన్ని యథాతథంగా తగిలించారు. అరవై లోపు వయసులో, ముట్లాగిన పదేళ్ళలోపు మొదలుపెడితే, బాధలు తీవ్రంగా ఉన్న చాలామందికి నష్టం కంటే మేలే ఎక్కువన్నది ఇప్పటి వైద్యుల అవగాహన. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్ళ సంగతి వేరు. నాలాగా ముందే ఆగిపోయినవాళ్ళకైతే హార్మోన్ లేకపోవడమే ప్రమాదం. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు దగ్గరవుతుంది. అందుకే మామూలుగా ఆగిపోయే వయసు వచ్చేదాకా వాడమంటారు.

2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద ఉండే తీవ్రమైన హెచ్చరికల్ని చాలావరకు తీసేస్తున్నట్టు ప్రకటించింది. భయపెట్టిన కాలం పోయి మళ్ళీ ఆశపెట్టే కాలం వచ్చేట్టుంది. నిత్యయవ్వనం అమ్మేవాళ్ళు అప్పుడే బయల్దేరారు కూడా.

మరి మందు కంపెనీలను నిలదీసిన స్త్రీవాదం నుంచి వచ్చిన మనం ఆ మందుని ఏ మొహంతో అడుగుతాం? ఒక మిత్రురాలు నన్ను ఈ మాటే అడిగింది. నాకు పటాన్‌చెరు గుర్తొచ్చింది. 1985లో అక్కడ నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని పేద స్త్రీల మీద ప్రయోగించబోతుంటే స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్ళి నిలదీశారు. వచ్చిన స్త్రీలకి ఇది ప్రయోగమనే సంగతి చెప్పలేదు. మరుసటి ఏడాది ఆ విషయం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. నెట్-ఎన్ కూడా హార్మోనే. కానీ వాళ్ళు అడిగినదాంట్లో ముఖ్యమైనది, ఈ మందు ఏం చేస్తుందో ఈ ఆడవాళ్ళకి చెప్పారా, వద్దనే వీలు వాళ్ళకి ఉందా అని. చెప్పకుండా ఇవ్వడాన్ని ఏ కారణంతో వ్యతిరేకించామో, అడిగినా ఇవ్వకపోవడాన్నీ అదే కారణంతో వ్యతిరేకించాలి. రెండిట్లోనూ నిర్ణయం ఆమెది కాకుండా పోతోంది. నా రెండో డాక్టరు చేసింది మొదటిదానికి, మొదటి డాక్టరు చేసింది రెండోదానికి చిన్న నమూనాలు.

ఇక్కడ నా దగ్గర సులభమైన జవాబు లేనిది మా పిన్ని విషయం. గుంటూరు జిల్లాలో మిరప కోతలకి వెళ్ళేది. ముప్పయ్యొకటో ఏట తెల్లబట్ట అవుతోందని వెళ్తే గర్భసంచి తీసేశారు, దాంతోపాటు అండాశయాలూ తీసేశారు. అవి తీస్తే ఏమవుతుందో ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఆమెకి ఏ హార్మోనూ ఇవ్వలేదు. ఆమె ఒక్కతే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తీసెయ్యడానికి అంత తొందరపడే వైద్యం, తీసేసినదానికి బదులు ఇవ్వాల్సి వచ్చేసరికి ప్రకృతి ధర్మం బోధిస్తుంది.

నా మందు సంగతి విని పిన్ని "ఆ మాత్రానికే మందులేంటే, మేం పడలేదా?" అంది. ఆ మాట నన్ను చాలారోజులు కుదురుగా ఉండనివ్వలేదు. నేను ఓర్చుకోనంటే ఆమె ఓర్పుని తక్కువ చేసినట్టవుతుందా? ఆలోచించగా నాకనిపించింది ఇది. ఓర్పు ఒక గుణం కావాలంటే ఓర్చుకోకుండా ఉండే దారి కూడా ఆ మనిషి ముందు ఉండాలి. దారులన్నీ మూసేసి, భూదేవంత ఓర్పు అని పొగిడితే ఆ పొగడ్త ఆమె కోసం కాదు, మూసినవాళ్ళ మనశ్శాంతి కోసం. పిన్ని చూపించింది ధైర్యమే. కానీ ఆ ధైర్యం అవసరమయ్యే పరిస్థితి కల్పించడం అన్యాయం. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఈ వైద్యంలో నేను గమనించిన విశేషం ఇంకొకటుంది. సరిపడే మోతాదు చాలావరకు రక్తపరీక్షలో దొరకదు. నాకు మొదట మాత్ర ఇచ్చారు, తలనొప్పి వచ్చింది. చర్మానికి రాసుకునే జెల్‌కి మార్చారు. మింగే మాత్రతో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెరుగుతుందనీ, చర్మం ద్వారా వెళ్ళేదానితో ఆ పెరుగుదల కనిపించలేదనీ అప్పుడే చెప్పారు. రాత్రిపూట ప్రొజెస్టరాన్. ఒక పంపు చాలలేదు, రెండు చేశారు. ప్రతి మార్పుకీ ఆధారం నేను చెప్పిన మాటే. నిద్ర పట్టిందా, సెగలు రోజుకెన్ని, మాటలు దొరుకుతున్నాయా? ఇక్కడ రోగి సాక్ష్యం లేకుండా వైద్యం ముందుకి నడవదు. అలాంటప్పుడు స్త్రీ మాట మీద నమ్మకం లేని డాక్టరు మర్యాద తప్పడమే కాదు, తన పనే సరిగా చెయ్యలేరు. స్త్రీల అనుభవాన్ని సాక్ష్యంగా తీసుకోవాలని సాహిత్యంలో మనం ఎంతకాలంగా వాదిస్తున్నామో! ఆసుపత్రి గదిలో కూడా అదే వాదన.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్ని నా గదిలోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, "ఆ జెల్ నాకిప్పుడు పనికొస్తుందా?" అంది. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. ఆపరేషన్ అయి ఇరవై ఏడేళ్ళయింది. ఇంత ఆలస్యంగా మొదలుపెడితే గుండెకీ మెదడుకీ ప్రమాదం పెరగొచ్చని చెప్పాను. ఎముకల పరీక్ష చేయిద్దామన్నాను, లోపలి మంటకి రాసుకునే క్రీము ఈ వయసులోనూ వాడొచ్చేమో డాక్టర్ని అడుగుదామన్నాను. కాసేపు ఊరుకుంది.

"మా కోడలికి తీయించెయ్యమంటున్నాడే ఆ ఆరెంపీ. తీస్తే అండాశయాలైనా ఉంచమని అడగొచ్చా?"

"అడగొచ్చు పిన్నీ. దానికంటే ముందు అసలెందుకు తియ్యాలో అడుగుదాం. నేనూ వస్తాను."