తల్లి చేతి వంట

పండుగకు పది దినములు ముందుగనే ఫోనులో అమ్మ అడుగును: “ఏం వండమంటావురా నాన్నా?” ఆ ప్రశ్నకొరకే మేమును కాచుకొనియుందుము. పనసపొట్టు కూర, గోంగూర పచ్చడి, ముద్దపప్పు, సంక్రాంతి యగుటచే అరిసెలు. పట్టిక సిద్ధముగనే యుండును. రైలు కొవ్వూరు దాటి గోదావరి వంతెన నెక్కునప్పటికే, హోటలు భోజనములతో విసిగిన నాలుకకు ఆవపెట్టిన కూర ఘాటు తగిలినట్లుండును.

ఇట్టి కోరిక తప్పా? కాదనియే మా యభిప్రాయము. జిహ్వను జయింపుమని బోధించువారు గలరు. కాని తైత్తిరీయోపనిషత్తులో భృగువు బ్రహ్మము నన్వేషించుచు తపమొనర్చి మొట్టమొదట గ్రహించినది అన్నమునే. అన్నమును నిందింపరాదని యా యుపనిషత్తే శాసించుచున్నది. తల్లి చేతి వంటను కోరుటలో ఆకలి యొక్కటే లేదు. అందు మన బాల్యమున్నది, మనలను చిన్ననాటి పేరుతో పిలుచు ఇల్లున్నది. కావున కోరిక దోషము కాదు. దోషము వేఱొకచోట నున్నది.

అరిసె యెట్లు తయారగునో తినువారిలో నెందఱెఱుగుదురు? బియ్యము నానబెట్టి, వడకట్టి, తడి యారకముందే దంచి లేదా మరలో పట్టించి జల్లింపవలెను. బెల్లపు పాకము లేతయైనచో అరిసె నూనెలో విరిగిపోవును. ముదిరినచో రాయి యగును. ఒకరు పిండి పోయుచుండ నొకరు కలియబెట్టవలెను. ఇదంతయు డెబ్బదేండ్ల మోకాళ్లపై జరుగును. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేక్షణమున, ఇంటిపని చేయు స్త్రీలు దానికై దినమునకు సగటున 299 నిమిషములును, అట్టి పని చేయు పురుషులు 97 నిమిషములును వెచ్చించినట్లు తేలినది.

క్రిందటి సంక్రాంతికి మేము మూడుమారులు కూర వడ్డించుకొని తిని, మంచినీళ్లకై వంటయింటిలోనికి పోతిమి. అమ్మ ఒక్కతె పీటమీద కూర్చుండి మజ్జిగన్నములో ఆవకాయ నంజుకొనుచుండెను. కూరగిన్నె వట్టిదై యుండెను. “నీకు కూర లేదా అమ్మా?” అంటిమి. “మీరు తింటే నా కడుపు నిండినట్టేరా” అనెను.

మా విచారమంతయు ఈ మాటను గుఱించియే. ఆమె యసత్య మాడలేదు. కాని ఆమె నోట ప్రేమయైన యా మాట, మనము నమ్మి ఊరకున్నచో సాకుగా మారును. త్యాగము చేయువారు దానిని ఆనందమనవచ్చును. దాని ఫలము ననుభవించువారికి అట్లనుట కధికారము లేదు.

వండుటయే ఆమెకు సంతోషము, దానిని మాన్పింపకుడని మిత్రులందురు. మాన్పింపుడని మేమనుట లేదు. వంటలను హోటలునుండి తెప్పించుటయు మందు కాదు. అది ఆమె కౌశలమున కవమానము. పిండి జల్లించుటకు, పాకము కలుపుటకు మగచేతులు పనికిరావా? అందఱు నొకే పంక్తిని కూర్చుండి, వడ్డన వంతులవారీగా జరుపుకొనరాదా? వేదికలపై స్త్రీ స్వాతంత్ర్యమును గుఱించి ఉపన్యసించు మనము వంటయింటి గడప దాటుటకు వెనుదీయుట సిగ్గుచేటు.

ఈ యేడును అమ్మ ఎప్పటివలెనే అడిగెను. మేము పట్టిక చదువక, “నీకేం ఇష్టమమ్మా?” అంటిమి. నలువదేండ్లకు పైగా ఆమె చేతి యన్నము తిన్న మాకు ఆ సంగతి తెలియదు. కొంతసేపు మాట లేదు. పిమ్మట, “ఏమోరా, ఆలోచించి చెబుతాను” అనెను.

డెబ్బదేండ్లలో ఆ యాలోచనకు తీరిక చిక్కకపోవుట ఎవరి నేరము? పండుగ వంటకంటె నా జవాబునకై ఇప్పు డెక్కువగ నెదురుచూచుచున్నాము.