గడ్డ ఏ పద్దులో?

లిల్లీ అనగానే మన తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది నేలసంపెంగ. పెళ్ళి దండల్లో గుచ్చే ఆ తెల్లపూలను ఇక్కడి కన్నడిగులు సుగంధరాజ అంటారు. నేను చెప్పబోయేది అది కాదు. పెద్ద హోటళ్ళలో, సభావేదికల మీద పూలకుండీల్లో నిలబెట్టే విదేశీ లిల్లీ. దాని గడ్డ ఎక్కువగా హాలెండు నుంచి వస్తుంది.

జిగణి అంటే చాలామందికి గ్రానైటు కోసే ఫ్యాక్టరీలే తెలుసు. ఆ పరిసరాల్లో ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచేవాళ్ళూ ఉన్నారు. అప్పు దరఖాస్తు పని మీద అలాంటి ఒక తోట చూసినప్పుడు నాకొక సందేహం కలిగింది. బి.కాం. చదివినవాడికే వచ్చే సందేహం లెండి. ఈ గడ్డను ఏ పద్దులో రాయాలి? మామిడిచెట్టు ఆస్తి, ఎరువు ఖర్చు. మరి గడ్డ?

"ఖర్చే సార్. పువ్వు కోశాక పారేసేదే కదా" అన్నాడు తోట యజమాని, తడుముకోకుండా.

లిల్లీ గడ్డ బాగా పూయాలంటే ఒక చలికాలం గడవాలి. మనచేత స్వెట్టరు తొడిగించే బెంగుళూరు చలి దానికి చాలదు. అందుకని కొన్ని వారాలు సున్నాకు కాస్త పైన చల్లదనంలో ఉంచుతారు. ఆ తర్వాత తడి పీటులో కప్పి, సున్నాకు ఒకటి రెండు డిగ్రీల కింద గడ్డకట్టించి నెలల తరబడి నిద్రపుచ్చుతారు. కావలసినప్పుడు మెల్లగా కరిగించి ట్రేలలో నాటుతారు. శీతాకాలం పోయిందనుకుని అది మొలుస్తుంది. రకాన్నిబట్టి సుమారు మూడు నెలల్లో మొగ్గ రంగు తిరుగుతుంది. క్రిస్మస్‌కు పువ్వు కావాలంటే వెనక్కి లెక్కపెట్టి సెప్టెంబరులో నాటితే సరి. రేపటి డబ్బును ఇవాళే ఇచ్చే బిల్లు డిస్కౌంటు వ్యాపారంలా ఉంటుంది ఇది. అక్కడ కాలాన్ని జరిపినందుకు ఎవరో ఒకరు తరుగు భరించాలి.

గడ్డను మోసం చేస్తున్నామని నొచ్చుకునేవారున్నారు. నాకంత నొప్పి లేదు. వరినీ చెరకునూ మన సౌకర్యానికి తిప్పుకున్నవాళ్ళమే. నన్ను ఆపింది కోత. బజారులో ధర కాడ పొడవునుబట్టి, మొగ్గల సంఖ్యనుబట్టి వస్తుంది. గడ్డకు మళ్ళీ బలం చేకూర్చేవి ఆకులు; అవి కాడతోపాటే పోతాయి. అడుగున కొన్ని ఆకులు వదిలితే గడ్డ కోలుకోవచ్చు. కానీ కాడ పొట్టిదవుతుంది, ధర తగ్గుతుంది. పైగా దానికి మళ్ళీ చలికాలం ఎవరు కొనిపెడతారు? కొత్త గడ్డ కొనడమే చవక. యజమాని లెక్కలో తప్పేమీ లేదు.

అయితే గడ్డను అమ్మకానికి పెంచే హాలెండు పొలాల్లో దీనికి తలకిందుల లెక్క. అక్కడ గడ్డ ఊరడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. దాని బలం పువ్వుకు పోకూడదని మొగ్గలు తుంచేస్తారు. అక్కడ పువ్వు చెత్త, ఇక్కడ గడ్డ చెత్త. మొక్క మాత్రం ఒకటే. అంటే ఏది పారేయదగింది అన్నది మొక్కలో లేదు, మన పుస్తకంలో ఉంది.

ఇంతవరకూ పూల సంగతి. నేను చూసే బ్యాలెన్సు షీట్లు పూలవి మాత్రమే కావు. చాలా ఫ్యాక్టరీల లెక్కల్లో పర్మనెంటు కార్మికుల జీతాలకు ఒక పద్దు ఉంటుంది. అదే మిషను మీద పనిచేసే కాంట్రాక్టు మనిషికి ఇచ్చేది 'ఇతర ఖర్చులు'లో, మరమ్మతుల సరసన కనిపిస్తుంది. వాళ్ళలో మన సీమ జిల్లాల నుంచి వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఇరవై ఏళ్ళు వాళ్ళకు అన్నం పెట్టి పెంచిన ఖర్చు అనంతపురంలోనో మదనపల్లెలోనో ఒక తల్లి భరించింది. అది ఏ పుస్తకంలోకీ ఎక్కదు. ఇక్కడి పుస్తకంలో పడేది పదకొండు నెలల కాంట్రాక్టు.

మనిషినీ గడ్డనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. ఆ మాట నాతో కాదు, ఆ పద్దు రాసినవాళ్ళతో అనాలన్నాను. లాభం వద్దని నేననను. వడ్డీ మీద బతికే ఉద్యోగం నాది. నేనడిగేది కాడకు ఎన్ని ఆకులు వదలాలి అనే. ఒక అంగుళం పొట్టి కాడకు తగ్గే ధర ఎంతో బజారు చెబుతుంది. ఆ అంగుళం ఎవరు వదులుకోవాలో మాత్రం చెప్పదు.

ఈమధ్య దరఖాస్తులు చూసేటప్పుడు కాంట్రాక్టు మనుషులు ఎందరో, ఎన్నాళ్ళ నుంచో కూడా అడుగుతున్నాను. ఫారంలో ఆ గడి లేదు. మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకుంటున్నాను.