గుర్రం పక్కన నడిచే సేవ



గుర్రాల నుదుటి జూలుకు ప్రళయదినం వరకు శుభం ముడిపడి ఉంటుందని మహాప్రవక్త (స) తెలిపారు (బుఖారి, ముస్లిం). ఈ హదీసు వింటే మనకు యుద్ధమైదానమే గుర్తుకొస్తుంది. దాని సందర్భం కూడా అదే. అయితే అల్లాహ్ ఆ జంతువులో ఉంచిన మేలు అక్కడితో ఆగిపోలేదు.

డెన్మార్క్ దేశస్థురాలు లిస్ హార్టెల్‌కు 1944లో, గర్భవతిగా ఉండగా పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడిపోయాయి. గుర్రం ఎక్కాలన్నా, దిగాలన్నా మరొకరి సాయం కావలసిందే. అటువంటి ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ అనే స్వారీ పోటీలో మగవారితో తలపడి వెండి పతకం గెలిచారు. 1956లో మరోసారి గెలిచారు. వికలాంగులకు స్వారీ నేర్పే కేంద్రాలకు ఆమె గెలుపు ప్రేరణ అయింది. బ్రిటన్‌లో 1969లో ఇందుకోసం రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్ ఏర్పడింది.

నడిచే గుర్రం వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదులుతుంది. మనిషి నడిచేటప్పుడు నడుము కదిలే తీరు కూడా దాదాపు ఇదే. అందుచేత నడవలేని బిడ్డ నడుముకు నడక కదలిక అందుతుంది, నిటారుగా కూర్చునే ప్రయత్నం జరుగుతుంది. ఇది అన్ని జబ్బులకూ మందు కాదు. వెన్నెముక లోపాలు, మూర్ఛ వంటివి ఉంటే ముందు వైద్యుణ్ణి అడగాలి. ఒక్క బిడ్డను ఎక్కించడానికి ఒక్కోసారి ముగ్గురు కావాలి: ఒకరు పగ్గం పట్టుకుంటారు, ఇద్దరు చెరోపక్క నడుస్తారు.

ఇప్పుడు అబస సూరాను గుర్తుచేసుకుందాం. ఖురైష్ నాయకులతో మాట్లాడుతున్న వేళ అంధుడైన అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చినందుకు మహాప్రవక్త (స) ముఖం చిట్లించారు. అల్లాహ్ దానిని మందలించాడు. తరువాత ఆ అంధుడికి దక్కింది జాలి కాదు, అజాన్ ఇచ్చే బాధ్యత. మహాప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు పలుమార్లు మదీనాను కూడా ఆయనకే అప్పగించారు.

మరి మన ఇళ్ళలో? అక్కకు సంబంధాలు రావేమోనని వికలాంగ తమ్ముణ్ణి వెనకగదిలో ఉంచేవారు లేరా? దావత్‌కు అందర్నీ తీసుకెళ్ళి అతణ్ణొక్కణ్ణీ వదిలేసేవారు లేరా?

బ్రిటన్‌లో స్థిరపడిన మన బంధువులు ఇలాంటి కేంద్రానికి డబ్బే ఇవ్వనక్కరలేదు. వారానికి ఒక పూట వెళ్ళి పక్కన నడవవచ్చు. డబ్బు ఇచ్చేవారు ఒకటి గమనించాలి. జకాత్ పొందేవారిని తౌబా సూరా 60వ ఆయతు ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. గుర్రాల మేతకు, శాల మరమ్మతుకు సదఖా నుంచి ఇవ్వడమే మేలు. పేదవాడైన ముస్లిం బిడ్డ ఫీజు విషయం ఆలిములను అడిగి తెలుసుకోవాలి. స్వారీకి ఎవరూ రాని రోజున కూడా గుర్రం మేత మేస్తుంది కాబట్టి ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా ఇచ్చే చిన్న మొత్తం అక్కడ ఎక్కువగా ఉపయోగపడుతుంది.

చూడటానికి వెళితే పిల్లవాణ్ణి చూపి తల్లితో "అయ్యో పాపం" అనకండి. గుర్రం పేరేమిటని వాణ్ణే అడగండి.